పక్కవాద్యం లేని కచేరీ

నలుగురు స్త్రీలు కలిసి సంగీత బృందం పెట్టుకున్నప్పుడు వాయించడం సరిగా రాకపోవడం చిన్న చిక్కు. అది సాధనతో తీరుతుంది. పెద్ద చిక్కు నాలుగైదు వారాల తర్వాత మొదలవుతుంది. అప్పటికి ఒకరు పాటలు తెచ్చేవారుగా, మరొకరు పాడేవారుగా, మిగిలిన ఇద్దరు వారి వెనక నిలబడి లెక్క తప్పకుండా వాయించేవారుగా, ఎవరూ కోరకుండానే, ఎవరూ గమనించకుండానే స్థిరపడిపోతారు. అందరూ స్నేహితులే, ఎవరి నోరూ ఎవరూ మూయలేదు, అయినా నిర్ణయాలన్నీ గదిలో ఒకే మూల నుంచి ఎందుకు వస్తున్నాయి? వెనక నిలబడ్డ ఇద్దరూ మూడో నెలకల్లా రిహార్సళ్లకు ఆలస్యంగా రావడం ఎందుకు మొదలుపెడతారు? ఈ స్థితిలో ఇప్పటికే ఉన్న బృందానికి, లేదా అది రాకముందే జాగ్రత్తపడదలచిన బృందానికి పనికివచ్చే పద్ధతులను ఈ అధ్యాయం వివరిస్తుంది. వీటిలో చాలావాటికి ఆధారం 1970ల చివర లండన్‌లో పనిచేసిన స్త్రీల పోస్ట్-పంక్ బృందాల అనుభవం, అందులోనూ ముఖ్యంగా 'ద రెయిన్‌కోట్స్' బృందం అనుభవం.

పోస్ట్-పంక్ అన్న మాటకు ఇక్కడ కొంత వివరణ అవసరం. 1976–77లో ఇంగ్లండ్‌ను ఊపేసిన పంక్ సంగీతం, విద్య పూర్తిగా పట్టుబడ్డాకే వేదిక ఎక్కాలన్న పాత నియమాన్ని తోసిపుచ్చింది. కానీ ఏడాది తిరిగేసరికి అదే వేగం, అరుపు, తోలు జాకెట్టు కలిసిన ఒక మూసగా మారింది. ఆ మూసను వదిలి, నేర్చుకుంటూనే వాయించవచ్చన్న ధైర్యాన్ని మాత్రం నిలుపుకొని, జమైకా రెగే నుంచి, ఫంక్ నుంచి, జాజ్ నుంచి, జానపదం నుంచి దొరికింది దొరికినట్టు తెచ్చుకుంటూ సుమారు 1978 నుంచి 1984 వరకు సాగిన సంగీతాన్ని పోస్ట్-పంక్ అంటారు. లండన్‌లోని హార్న్‌సీ కళా కళాశాలలో కలిసిన జీనా బర్చ్, పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి వచ్చిన ఆనా డ సిల్వా 1977లో రెయిన్‌కోట్స్‌ను ప్రారంభించారు. మొదట్లో బృందంలో పురుషులూ ఉన్నారు. 'ద స్లిట్స్' అనే మరో బృందం నుంచి బయటికి వచ్చిన స్పెయిన్ దేశపు డ్రమ్మర్ పామాలివ్, వయొలిన్ వాయించే విక్కీ ఆస్పినాల్ చేరడంతో 1979 ఆరంభానికి నలుగురూ స్త్రీలే అయ్యారు. అదే ఏడాది నవంబరులో రఫ్ ట్రేడ్ సంస్థ వారి మొదటి ఆల్బమ్‌ను విడుదల చేసింది.

కర్ణాటక సంగీత కచేరీకి అలవాటుపడిన శ్రోతకు ఈ ఆల్బమ్ మొదటిసారి విన్నప్పుడు ఒక తికమక కలుగుతుంది: ప్రధానం ఏది, పక్కవాద్యం ఏది అన్నది తేలదు. కచేరీలో వయొలిన్ గాత్రాన్ని అనుసరిస్తుంది, మృదంగం లయను నిలబెడుతుంది, తని ఆవర్తనం సమయంలో తప్ప చూపంతా మధ్యన కూర్చున్న మనిషి మీదే ఉంటుంది. మామూలు రాక్ బృందంలోనూ ఏర్పాటు ఇంచుమించు ఇదే; గాయకుడూ గిటారిస్టూ ముందు, బేసూ డ్రమ్సూ వెనక. రెయిన్‌కోట్స్ పాటలో మాత్రం బేస్ ఒక దారిన పోతుంది, వయొలిన్ మరో దారిన గీసుకుంటూ వస్తుంది, డ్రమ్స్ ఆ రెండింటితోనూ వాదన పెట్టుకుంటాయి, రెండు మూడు గొంతులు ఒకదాని మీద ఒకటి పడతాయి. చిందరవందరగా వినిపించే ఈ సంగీతానికి ఒక గట్టి కట్టుబాటు ఉంది: ఎవరి భాగమూ మరొకరి భాగానికి నేపథ్యం కాకూడదు. చెప్పుకోవడానికి ఇది ఒక్క వాక్యమే గానీ, వారం వారం అమలు చేయడానికి కొన్ని అలవాట్లు కావాలి.

1. విద్య ఎక్కువ ఉన్న సభ్యురాలిని గురువుగా కూర్చోబెట్టకూడదు

బృందంలో అందరి విద్యా ఒకే స్థాయిలో ఉండడం అరుదు. రెయిన్‌కోట్స్‌లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది. ఆస్పినాల్ శాస్త్రీయ శిక్షణ పొందిన కళాకారిణి, అంతకుముందు 'జామ్ టుడే' అనే స్త్రీవాద బృందంలో వాయించిన అనుభవం కూడా ఆమెకు ఉంది. జీనా బర్చ్ అయితే 1977లో స్లిట్స్ కచేరీ చూసిన ఉత్సాహంతో బేస్ గిటార్ కొనుక్కొని, అదే ఏడాది నవంబరులో వేదిక ఎక్కేశారు. ఇంత తేడా ఉన్నచోట సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటి? తెలిసినవారు తెలియనివారికి నేర్పడం మొదలుపెడతారు. ఉద్దేశం మంచిదే అయినా రెండు మూడు రిహార్సళ్లలోనే గది బడిగా మారిపోతుంది. తెలియనివారు ప్రతి స్వరం తర్వాత తెలిసినవారి ముఖం వైపు చూడడానికి అలవాటుపడతారు, ఆ చూపు ఒకసారి పడితే ఏళ్లు గడిచినా వదలదు.

దీనికి రెండు నియమాలు పనిచేస్తాయి. మొదటి రెండు నెలలు ఏ పాటకైనా తొలి వరుసను అందరికంటే తక్కువ వచ్చినవారే తేవాలి. వేళ్లు రెండు తీగల మీదే తిరిగినా ఫరవాలేదు. శిక్షణ ఉన్నవారు ఆ వరుసను సరిదిద్దకుండా, దానికి తగినట్టు తమ వాద్యాన్ని మార్చుకోవాలి. తీయని ఆలాపనను పక్కనపెట్టి, కమానును తీగల మీద గరుకుగా రాస్తూ, ఒకే స్వరాన్ని మొండిగా సాగదీస్తూ ఆస్పినాల్ వయొలిన్‌కు కొత్త గొంతు వెతుక్కోవడం ఇటువంటిదే. విద్య ఉన్నవారికి ఇది తగ్గడంలా తోచవచ్చు గానీ, వారి చెవికి ఇంతకు మించిన పరీక్ష దొరకదు. సిలబస్‌లో లేని ప్రశ్నకు జవాబు రాయవలసి వస్తుంది కదా.

2. పూర్తయిన పాటను గదిలోకి తేకూడదు

పూర్తి పాటతో వచ్చినవారు, ఎంత వినయంగా తెచ్చినా, మిగిలిన ముగ్గురికి మేస్త్రీ కింద కూలీల పని తప్ప మరేమీ మిగల్చరు. తేవలసింది ముక్క: పదిహేను సెకన్లకు మించని బేస్ వరుస, డైరీలో రాసుకున్న ఒక వాక్యం, కుర్చీ మీద కొట్టిన దరువు. ఆ ముక్కను తెచ్చినవారు ఆపకుండా వాయిస్తూ ఉంటే, ఎనిమిది చుట్లు పూర్తయ్యేదాకా మరెవరూ కలవకూడదు. ఆ తర్వాత ఒక్కొక్కరే చేరాలి, చేరిన ప్రతివారూ ఇంకా చేరనివారికి చోటు మిగల్చాలి. మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. 'బాగుంది' అన్న మాట కూడా అప్పుడు అడ్డమే, ఎందుకంటే మెచ్చుకోలు పడినచోటే పాట ఆగిపోతుంది. ఆనాటి బృందాలకు క్యాసెట్ రికార్డరు చేసిన పనిని ఈనాడు ఫోను చేస్తుంది కనుక, ఇరవై నిమిషాలూ రికార్డు చేసి, టీ తాగుతూ విని, అప్పుడు మాట్లాడుకోవచ్చు.

చాలా బృందాలు తడబడేది ఎక్కడ? నలుగురూ ఒకేసారి దూకడంలో. అలా దూకినప్పుడు గట్టిగా వినిపించే వాద్యమే గెలుస్తుంది, అది సాధారణంగా ఎలక్ట్రిక్ గిటార్ అవుతుంది.

ఒక సభ్యురాలు రాత్రంతా కూర్చొని పల్లవి, రెండు చరణాలు, బాణీతో సహా పాటను పూర్తిచేసుకొని ఉత్సాహంగా వచ్చిందనుకోవచ్చు. వద్దని తిప్పి పంపితే ఆమె మనసు నొచ్చుకుంటుంది, అలాగే తీసుకుంటే కట్టుబాటు తప్పుతుంది. అప్పుడేం చేయాలి? ఆ పాటలో ఆమెకే తృప్తి కలిగించని భాగం ఏదో ఆమెనే అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. తృప్తిగా ఉన్న భాగాన్ని ఇతరుల చేతికి ఇవ్వడం ఎవరికైనా కష్టం. అతుకు పడని చోటును మాత్రం మనిషి సంతోషంగా ఇస్తుంది, ఆ చోటు గుండానే మిగిలిన ముగ్గురూ పాటలోకి ప్రవేశిస్తారు.

3. తాళం బరువు ఒక్కరి మీదే వేయకూడదు

ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఓపికగా సాధన చేయవలసిన సూచన ఇదే. రాక్ సంగీతంలో మామూలుగా నాలుగు మాత్రల ఆవర్తంలో రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద స్నేర్ అనే పదునైన డ్రమ్ దెబ్బ పడుతుంది. హై-హ్యాట్ అనే జంట పళ్లాలు మధ్యలో చప్పుడు చేస్తూ గడియారంలా నడుస్తాయి. మిగిలినవారు ఆ గడియారానికి జారగిలబడతారు. అందులో సౌఖ్యం ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది: లెక్క చూసుకొనేవారు ఒకరు ఉన్నారన్న భరోసాతో మిగిలిన ముగ్గురూ ఒకరినొకరు వినడం మానేస్తారు. పామాలివ్ వాయించిన తీరులో ఆ గడియారం తక్కువ, టామ్ అనే లోతైన డ్రమ్ముల మీద దొర్లుకుంటూ పోయే దరువు ఎక్కువ. అందుచేత మొదటి ఆల్బమ్‌లోనే మిగిలిన వాద్యాలకు ఆనుకోవడానికి గోడ లేకుండా పోయింది.

1979 చివర పామాలివ్ బృందాన్ని వదిలి భారతదేశానికి ప్రయాణమయ్యారు. డ్రమ్మర్ వెళ్లిపోతే సాధారణంగా బృందం చేసే మొదటి పని మరో డ్రమ్మర్ కోసం ప్రకటన ఇవ్వడం. మిగిలిన ముగ్గురూ మాత్రం డ్రమ్స్ లేకుండానే కొత్త పాటలు అల్లడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఇంగ్రిడ్ వైస్ అనే యువతి డ్రమ్మర్‌గా చేరారు. కొన్ని పాటలకు బయటి డ్రమ్మర్లు రాబర్ట్ వయట్, చార్ల్స్ హేవర్డ్, రిచర్డ్ డుడాన్‌స్కీ వచ్చి దరువు కలిపారు. ఆ పాటలతో 1981లో వచ్చిన రెండో ఆల్బమ్ పేరు 'ఓడిషేప్'. అందులో లయ ఒకచోట నెమ్మదిస్తుంది, మరోచోట ఉరుకుతుంది, ఇంకోచోట పూర్తిగా నిలిచిపోయి మళ్లీ ఊపిరి తీసుకుంటుంది. పాట నడకను పాటలోని మాటే నిర్ణయించినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక సందేహం సహజం: బయటి నుంచి ముగ్గురు పురుషులు వచ్చి డ్రమ్స్ వాయించాక అది స్త్రీల ఉమ్మడి సంగీతం ఎలా అవుతుంది? అతిథి ఎవరన్న దానికంటే ఎప్పుడు వచ్చారన్నది ముఖ్యం. ఇల్లు కట్టాక వచ్చినవారు గదులు మార్చలేరు. ఆ డ్రమ్మర్లు అప్పటికే నడక ఏర్పడిన పాటలోకి వచ్చి, దాన్ని విని, దానికి తగినట్టు వాయించవలసి వచ్చింది. ముగ్గురిలో ఎంత పేరున్నవారైనా ఆ పాటలకు లెక్క నేర్పే స్థానంలో లేరు.

దీన్ని ఆచరణలో పెట్టదలచిన బృందం రెండు వారాలు డ్రమ్ కిట్‌ను గుడ్డ కప్పి మూలన ఉంచాలి. డ్రమ్మర్ ఇంటికి వెళ్లనక్కరలేదు. ఆమె చేతులతో చప్పట్లు కొట్టవచ్చు, పాడవచ్చు, గిన్నె మీద కొట్టవచ్చు. తొలి రోజు పాట రెండు నిమిషాల్లో కూలిపోతుంది. కూలిపోయినచోట ఆగి, ఆ క్షణంలో ఎవరు ఎవరిని వింటున్నారో ఒక్కొక్కరే చెప్పాలి. 'ఎవరినీ వినడం లేదు' అన్న జవాబు తరచుగా వస్తుంది, దానికి సిగ్గుపడనక్కరలేదు. నాలుగో రోజుకు ఒక మార్పు కనిపిస్తుంది: గిటార్ తడబడితే గొంతు నిలబెడుతుంది, గొంతు ఊపిరి తీసుకొనేటప్పుడు బేస్ పట్టుకుంటుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే స్త్రీల చప్పట్లలో లయను ఫలానావారు మోస్తున్నారని ఎవరూ వేలెత్తి చూపలేరు, అయినా అడుగు తప్పదు. సాధించవలసింది అటువంటి స్థితి.

పాట వేగం పెరిగిపోతోందన్న ఫిర్యాదు ఈ దశలో తప్పక వస్తుంది. నలుగురూ కలిసి వేగం పెంచితే అది దోషం కాదు, పాట కోరిన వేగం. ఒకరు లాక్కుపోతుంటే మిగిలినవారు పరుగెత్తుతూ ఉంటే మాత్రం ఆపాలి. మెట్రోనోమ్ యాప్‌ను ఇంట్లో ఒంటరి సాధనకు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. గదిలో నలుగురి మధ్య పెడితే అది అయిదో సభ్యురాలిగా చేరి, అందరి మీదా పెత్తనం చేస్తుంది.

4. వాద్యాలు చేతులు మారాలి

'ఓడిషేప్'లో సభ్యులు తమ తమ వాద్యాలను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నారు. వీటికి తోడు కలింబా, బాలఫోన్ వంటివీ వచ్చి చేరాయి. కలింబా అంటే చెక్క పలక మీద బిగించిన ఇనుప పుల్లలను బొటనవేళ్లతో మీటే ఆఫ్రికా వాద్యం. బాలఫోన్ చెక్క పలకలను కర్రలతో కొట్టే పశ్చిమాఫ్రికా వాద్యం, పలకల కింద సొరకాయ బుర్రలు ఉంటాయి. ఆనా డ సిల్వా గిటార్ పక్కనపెట్టి కలింబా అందుకుంటే, బేస్ వాయించే జీనా బర్చ్ గిటార్ పట్టుకొని, బేస్‌ను ఆస్పినాల్ చేతికి ఇచ్చిన పాట కూడా ఆ ఆల్బమ్‌లో ఉంది.

ఇందువల్ల ప్రయోజనం ఏమిటి? వేళ్లకు జ్ఞాపకశక్తి ఉంటుంది. ఆరు నెలలు ఒకే వాద్యం పట్టిన చేయి, మనసు కొత్తది కోరినా పాత దారికే పోతుంది. తెలియని వాద్యం పట్టిన చేతికి దారులు తెలియవు కనుక, నేర్పరి పొరపాటునైనా తొక్కని చోట అడుగు వేస్తుంది. అంతకంటే పెద్ద ప్రయోజనం మరొకటి ఉంది. బేస్ మోసినవారికి తప్ప బేస్ ఎంత ఒంటరి వాద్యమో తెలియదు; ఒకసారి ఆ చోట నిలబడ్డ గిటారిస్టు తర్వాతి వారం తన ఆంప్లిఫయర్ శబ్దాన్ని ఎవరూ అడగకుండానే తగ్గిస్తుంది.

నెలకు ఒక రిహార్సల్‌ను దీనికి కేటాయిస్తే చాలు. అయితే దాన్ని సరదా ఆటగా మార్చకూడదు. చాలా బృందాలు ఇక్కడ నవ్వులాటలో పడతాయి. కొత్త వాద్యం పట్టినవారు ముందే తమను తాము ఎగతాళి చేసుకుంటారు, మిగిలినవారు వంత పాడతారు, గంట గడిచిపోతుంది. మార్చుకున్న వాద్యాలతో ఒక ముక్కనైనా రికార్డు చేసి తీరాలన్న షరతు పెట్టుకుంటే నవ్వు దానంతటదే సర్దుకుంటుంది.

5. చేర్చడం అయ్యాక తీసివేయడం మొదలుపెట్టాలి

సమష్టిగా అల్లిన పాటకు ఒక ప్రత్యేకమైన జబ్బు వస్తుంది: అందరికీ చోటు ఇవ్వాలన్న మర్యాద వల్ల అందరూ అన్నివేళలా వాయిస్తూనే ఉంటారు. పెళ్లి విందులో వడ్డించిన ప్రతిదీ తినాలన్నట్టు విస్తరి నిండిపోతుంది. దీనికి మందు ఆ కాలపు బృందాలకు జమైకా నుంచి వచ్చిన డబ్ పద్ధతిలో దొరికింది. డబ్ అంటే రికార్డు చేసిన పాటలోంచి గొంతునో గిటార్‌నో ఒక్కసారిగా తీసేసి, మిగిలిన బేస్, డ్రమ్స్ మధ్య ఏర్పడిన ఖాళీలో ప్రతిధ్వనులను వదిలే పద్ధతి. స్లిట్స్ తమ తొలి ఆల్బమ్ 'కట్'ను 1979లో రెగే సంగీతకారుడు డెనిస్ బోవెల్ నిర్మాణంలో చేశారు. ఆ ఆల్బమ్ వింటే ఖాళీ కూడా ఒక వాద్యమేనని అర్థమవుతుంది.

ఆచరణ సులువు. పాటను నాలుగుసార్లు వరుసగా వాయించాలి, ప్రతిసారీ ఒకరు పూర్తిగా మౌనంగా ఉండాలి. ఏ సారి పాట మెరుగైందో తర్వాత చెప్పుకోవాలి. తాను లేనప్పుడే పాట బాగుందన్న మాట వినడం ఎవరికైనా చేదుగానే ఉంటుంది. అందుకే అందరూ వంతుల ప్రకారం మౌనం పాటించాలి, ఒకరినే ఎంచి మాన్పించకూడదు. తీసివేత ఎప్పుడూ ఒకరికే జరుగుతుంటే దాన్ని డబ్ అనరు, మరో పేరుతో పిలుస్తారు.

6. గొంతును ఒకరి ఆస్తిగా ఉంచకూడదు

మాటలు రాసినవారే పాడాలన్న నియమం లేదు. జూరిచ్‌లో 1978లో మొదలైన 'క్లీనెక్స్' బృందం అర్థంలేని అక్షరాలనూ కేకలనూ ఈలలనూ పాటలో సమానంగా వాడుకుంది, అందువల్ల గొంతు లేదనుకున్నవారికీ అందులో పని దొరికింది. రెయిన్‌కోట్స్‌లో ముగ్గురు కలిసి పాడేటప్పుడు ఒకరు ముందుండి ఇద్దరు వంత పాడినట్టు కాక, ముగ్గురూ ఒకే సంగతిని మూడు వైపుల నుంచి చెబుతున్నట్టు ఉంటుంది. శ్రుతి కలపడానికి అవస్థపడేవారు మొదట మాటను పాడకుండా చదవవచ్చు. చదవడం నుంచి పాడడం దాకా ఉన్న దూరం గదిలోనే కరిగిపోతుంది.

7. ఓటు వేయకూడదు, వాయించి చూడాలి

నలుగురున్న బృందంలో ఓటింగు పెడితే ఇద్దరూ ఇద్దరూ అవుతారు, లేదా ముగ్గురు గెలిచి ఒకరు ఓడతారు. రెండూ పాటకు మేలు చేయవు. అందరూ ఒప్పుకొనేదాకా మాట్లాడుకుందామన్న పద్ధతి మరింత మర్యాదగా కనిపిస్తుంది, కానీ అందులో చివరికి మిగిలేది ఎవరికీ అభ్యంతరం లేని పాట, అంటే ఎవరికీ పెద్దగా ఇష్టం లేని పాట. ఒకరు పల్లవి మళ్లీ రావాలంటారు, మరొకరు పాట అలాగే అర్ధాంతరంగా ఆగిపోవాలంటారు అనుకోవచ్చు. ఎవరి వాదన ఎంత బలంగా ఉందన్నది ఇక్కడ అనవసరం. రెండు రూపాలనూ మూడేసి సార్లు పూర్తిగా వాయించాలి. ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఆ రూపాన్ని వద్దన్నవారే దాన్ని నడిపించాలి. పల్లవి వద్దన్నవారు పల్లవిని మనసుపెట్టి పాడి చూశాక కూడా వద్దంటే, ఆ మాటకు విలువ ఉంటుంది.

రెండూ బాగుంటే? రెండూ ఉంచుకోవచ్చు. పామాలివ్ రాసిన 'అడ్వెంచర్స్ క్లోజ్ టు హోమ్' అనే పాట 1979లోనే స్లిట్స్ ఆల్బమ్‌లోనూ వచ్చింది, రెయిన్‌కోట్స్ ఆల్బమ్‌లోనూ వచ్చింది. మొదటిదానిలో బోవెల్ నిర్మాణం, బడ్జీ అనే పురుష డ్రమ్మర్ వాద్యం. రెండోదానిలో వయొలిన్, రాసినామె సొంత డ్రమ్స్. రెండిటిలో ఏది అసలు, ఏది నకలు అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఒక పాటకు సరైన రూపం ఒకటే ఉంటుందని, దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టాలని నమ్మే బృందాలలోనే వాదనలు తెల్లవారేదాకా సాగుతాయి.

మౌనంగా ఉండే సభ్యురాలి సంగతి వేరుగా చూడాలి. ఆమె తలూపడాన్ని అంగీకారంగా లెక్కవేయడం చాలా బృందాలు చేసే తప్పు. 'నీ అభిప్రాయం ఏమిటి' అని పదిమందిలో అడిగితే ఆమె మరింత ముడుచుకుంటుంది. 'ఈ చోట నువ్వైతే ఎలా వాయిస్తావో వాయించి చూపించు' అంటే చాలాసార్లు చేయి మాట్లాడుతుంది.

8. పేరూ డబ్బూ గురించి పాట హిట్టయ్యాక మాట్లాడకూడదు

ఇది త్వరగా తేల్చుకోవలసిన విషయం, తేల్చుకుంటే అయిదు నిమిషాల పని. రఫ్ ట్రేడ్ 1976లో పశ్చిమ లండన్‌లో దుకాణంగా మొదలై 1978లో రికార్డులు వేయడం ప్రారంభించి, ఖర్చులు పోగా వచ్చిన లాభాన్ని బృందంతో సగం సగం పంచుకొనే ఒప్పందాలకు పేరు పొందింది. బయటివారితో పంపకం అంత స్పష్టంగా ఉన్నప్పుడు లోపలి పంపకం కూడా అలాగే ఉండాలి: నలుగురి మధ్య పుట్టిన పాట నలుగురి పేరు మీదే ఉంటుందని, వచ్చిన రూపాయి నాలుగు భాగాలవుతుందని మొదటి నెలలోనే ఒక కాగితం మీద రాసి సంతకాలు చేయాలి. బృందం పేరును కూడా ముందే సరిచూసుకోవాలి. జూరిచ్ బృందం కాగితపు రుమాళ్ల కంపెనీ అభ్యంతరంతో 'క్లీనెక్స్' అన్న పేరు వదులుకొని 'లిలిపుట్' అయింది. అప్పటికే ఆ పాత పేరుతో రికార్డులు బయటికి వెళ్లిపోయాయి.

స్టూడియోలో మరో చిక్కు ఎదురవుతుంది. ఇంజినీరు తెలియకుండానే ఒకరిని నాయకురాలిగా ఎంచుకొని ప్రశ్నలన్నీ ఆమెనే అడుగుతారు. ఆ రోజు బదులిచ్చేవారు ఎవరో వంతుల ప్రకారం ముందే నిర్ణయించుకొని వెళ్తే, నాలుగు రోజుల్లో ఇంజినీరుకు కూడా నలుగురి పేర్లూ వస్తాయి.

9. పాట గట్టిపడకముందే జనం ముందుకు తీసుకువెళ్లాలి

లండన్‌లోనే 2011లో ఏర్పడిన నలుగురు స్త్రీల బృందం 'సావేజెస్', రెండో ఆల్బమ్ రికార్డు చేయకముందు 2015 జనవరిలో న్యూయార్క్ చిన్న క్లబ్బుల్లో తొమ్మిది కచేరీలు చేసి, ఇంకా తయారవుతున్న పాటలను జనం మధ్య పరీక్షించుకుంది. శ్రోతల ముఖాలు చూసిన రాత్రి, బృందంలో వారం రోజులుగా తెగని వాదన దారిలోనే తెగిపోతుంది. దీనికి పెద్ద వేదిక అవసరం లేదు. ఇరవైమంది పట్టే గది, రెండు పాత పాటలు, ఒక పచ్చి పాట ఉంటే చాలు.

10. వెళ్లిపోవడానికి కూడా ఏర్పాటు ఉండాలి

సమష్టిగా పనిచేసే బృందం శాశ్వతంగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. రెయిన్‌కోట్స్ మూడో ఆల్బమ్ 'మూవింగ్' వచ్చిన కాలానికే, 1984లో, విడిపోయింది. నలుగురి మీద సమంగా నిలబడ్డ బృందంలో ఒకరు వెళ్తే మిగిలిన ముగ్గురి సంగీతమూ మారిపోతుంది. కనుక వెళ్లేవారి స్థానంలో వారిలా వాయించేవారిని వెతకడం వృథా ప్రయాస. వెళ్లేవారితో కూర్చొని, వారు తెచ్చిన ముక్కల్లో ఏవి వారితో వెళ్లాలో, ఏవి ఉండిపోవాలో మాట్లాడుకుంటే చాలు.

చేయవలసిన పని మరొకటి ఉంది, దాన్ని చాలామంది చిన్నదిగా చూస్తారు: ప్రతి రికార్డింగు మీద తేదీ, ఆ రోజు ఎవరు ఏ వాద్యం వాయించారో రాయడం, ప్రతి కాగితానికీ నకలు తీసి నలుగురి దగ్గరా ఒక్కొక్కటి ఉంచడం. రెయిన్‌కోట్స్ మొదటి ఆల్బమ్ చాలాకాలం దుకాణాల్లో దొరకలేదు. అమెరికా బృందం 'నిర్వాణా' గాయకుడు కర్ట్ కొబేన్ 1992లో తన దగ్గరి అరిగిపోయిన ప్రతికి బదులు మరొకటి వెతుక్కుంటూ లండన్‌లోని రఫ్ ట్రేడ్ దుకాణానికి వెళ్లాడు. దుకాణంవారు ఆనా డ సిల్వా పనిచేస్తున్న పాతవస్తువుల అంగడికి దారి చూపించారు. అప్పుడు ఆమె దగ్గర ఇవ్వడానికి ప్రతి లేకపోయినా, కొన్ని వారాల తర్వాత ఒకటి సంపాదించి, పాటల మాటల జెరాక్సులతో, ఫొటోలతో, సభ్యుల సంతకాలతో సహా పోస్టులో పంపారు. మరుసటి ఏడాదే ఆ ఆల్బమ్ మళ్లీ అచ్చయింది.